కూర్చునే వస్తువు, ఒకటి

జూన్ 3, మంగళవారం

వంటింటి కుళాయి కారుతున్నది. నిమిషానికి పదకొండు బొట్లు.

అడుగులంక పురపాలక సంఘం వారి ఆదేశం మేరకు ప్రతి గృహస్థుడూ తన ఇంట్లో ఏది కారినా, ఏది కిర్రుమన్నా ఆ రోజే ఈ పుస్తకంలో నమోదు చేయాలి. నెత్తిమీద ఎనభై బారల సముద్రాన్ని పెట్టుకుని కాపురం చేసేవాళ్ళకు ఇది అతిజాగ్రత్త కాదు. నేను, కొవ్వూరి సీతాపతి, వయస్సు యాభై రెండు, పీడన తనిఖీ శాఖలో ఉపాధికారిని. ఇతరుల పుస్తకాలు సరిగా ఉన్నాయో లేవో చూడటమే నా ఉద్యోగం. అటువంటి నేను నా పుస్తకంలోనే కుళాయి గురించి రాయవలసి రావడం కొంత నామోషీగా ఉన్నది.

గుమ్మం పక్కన గోడలో, ఇంట్లో మాటలు విని బదులు పలికే అరచేయంత జాలీ ఉంటుంది. దానిలోకి ఫిర్యాదు చెప్పాను. ఈ ఊళ్ళో ఇళ్ళకు బిగించిన ప్రతి వస్తువూ చిరస్థాయి గృహసామగ్రి సంస్థ వారిదే. చెడితే కొత్తది ఇస్తామని వారు రాసిచ్చిన హామీకి గడువు లేదు. జాలీ వెంటనే పలికింది.

“ఆయ్, విన్నామండి. మీ ఇంట్లో కుళాయి కారడవంటే మాకు తలవంపులండి. మనిషి బయల్దేరిందండి.”

ముప్పై అయిదు నిమిషాల్లో వరహాలు వచ్చింది. మా వీధిలో సంస్థవారి బిగింపుపనులన్నీ ఆవిడవే. నలభై ఏళ్ళ మనిషి, భుజాన పనిముట్ల సంచి, మాటలో తొందర లేదు. కొత్త కుళాయి బిగించింది. దాని మెడ పొడుగు కాబట్టి సింకు మార్చాలన్నది. కొత్త సింకు వెడల్పు కాబట్టి గట్టు మార్చాలన్నది. గట్టు దగ్గర నేను “వద్దమ్మా, ఇక చాలు” అన్నాను. “మొహమాటపడకండి” అన్నది జాలీ. సాయంత్రానికి గట్టు మారింది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. సంస్థవారు జాలీకి మర్యాద నేర్పదలచి, గోదావరి జిల్లాల పెళ్ళిభోజనాల రికార్డింగులు తొమ్మిదేళ్ళపాటు వినిపించారు. పంక్తిలో విస్తరి మీద రెండు చేతులూ అడ్డుపెట్టి వద్దు వద్దు అనేవాడికే ఇంకో రెండు బూరెలు పడతాయని జాలీ గ్రహించింది. మొదటి వద్దు మొహమాటం. రెండో వద్దు మరింత మొహమాటం. మూడో వద్దు వడ్డించేవాడి మీద అలక, దానికి ప్రాయశ్చిత్తంగా పెద్ద సైజు. నాలుగిళ్ళ అవతల భాస్కరంగారు బల్బు వద్దని నాలుగుసార్లు అన్నందుకు, వారి ముందుగదిలో ఇప్పుడు పదహారు కొమ్మల షాండ్లియరు వేలాడుతున్నది. దాని కింద వారు వంగి నడుస్తారు. ఊరు పుట్టిననాటి నుంచి సంస్థవారి సేవను నిరాకరించగలిగిన పౌరుడు లేడు.

జూన్ 5, గురువారం

కుళాయి మారిన సందర్భంగా మా ఇంట్లో బిగించిన వస్తువులన్నింటి జాబితానూ సంస్థవారు ఉచితంగా సరిచూస్తారట. ఆ మేరకు జాబితా ప్రతి వచ్చింది. పదిహేడో అంశం దగ్గర నాకు చెమట పట్టింది.

ఈ పుస్తకంలో అబద్ధం రాయడం నేరం. నిజం రాస్తే ఇంకో నేరం బయటపడుతుంది. మా వీధి పుస్తకాలను తనిఖీ చేసే అధికారిని నేనే కనుక నిజమే రాస్తున్నాను.

పదిహేడో అంశం: “కూర్చునే వస్తువు, ఒకటి. తూర్పుగోడ పక్కన. గాలి వాడకం స్వల్పం. శబ్దం ఉన్నది.”

ఇది మంగతాయారుగారు. నా భార్య హైమవతికి పిన్ని, నాకు పిన్నత్తగారు. వయస్సు డెబ్భై నాలుగు.

మా ఇంటికి ఇద్దరికి సరిపడా గాలి మాత్రమే కేటాయింపు. చుట్టానికి పదిహేను రోజులు అనుమతి. ఆపైన మంగళవారం పైకి పోయే పంటు పడవ ఎక్కి ఒడ్డుకు పోవాలి. అత్తయ్యగారు వచ్చిన పద్నాలుగో రోజున హైమవతి పంటు టిక్కెట్టు తీసి బల్ల మీద పెట్టి, దాని ఎదుట కూర్చుంది. పైన ఆవిడ కాపురమున్న వీధిని రెండేళ్ళ క్రితం సముద్రం తీసుకున్నది. పంటు దిగితే తలుపు తట్టడానికి ఆవిడకు గుమ్మం లేదు. నాలుగో ఏట తల్లి పోయిన నాటి నుంచి హైమవతికి తల దువ్వి జడ వేసింది ఈవిడే.

నేను నిబంధనలు తిరగేశాను. పొయ్యి గాలి పీల్చుకుంటుంది, నీళ్ళు కాచే యంత్రం పీల్చుకుంటుంది, కానీ ఇంటికి బిగించిన వస్తువుల గాలి లెక్కలోకి రాదు. అప్పుడే అత్తయ్యగారిని ఇంటికి బిగించిన వస్తువుగా చూపి ఫారం నింపాను. అది జరిగి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో ఆవిడకూ నాకూ మధ్య సఖ్యత ఉండేదని చెప్పలేను. వంటింటి డబ్బాల మీద నేను అంటించిన చీటీలన్నీ ఆవిడ పీకేశారు. డబ్బా ఊపితే లోపల ఏముందో తెలియనివాడికి వంటింట్లో ఏం పని అని ఆవిడ వాదన.

జూన్ 6, శుక్రవారం

ఉదయం ఎనిమిదింటికి అత్తయ్యగారు పడక్కుర్చీలోంచి లేవబోయి, సగంలో ఆగి, గట్టిగా ఇలా అన్నారు:

“ఒసేయ్ హైమా, మోకాళ్ళు కిర్రుమంటున్నాయే. ఇహ నా పనైపోయింది. తీసి పారేసి కొత్తవి తెచ్చుకోండి.”

“ఆయ్, విన్నామండి,” అన్నది జాలీ. “పదిహేడో అంశం. కీళ్ళ దగ్గర కిర్రు. ఫిర్యాదు నమోదైందండి. వచ్చే గురువారం పాతది తీసుకెళ్ళి, కొత్తది పెట్టేస్తావండి.”



“పదిహేడో అంశవేవిటే?” అన్నారు అత్తయ్యగారు.

హైమవతి నావైపు చూసింది. నేను జాబితా చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కాగితం తీసుకుని తామే ఇంకోసారి చదివారు.

“ఏవండీ అల్లుడుగారూ, కూర్చునే వస్తువా? నేను కూర్చున్నదెప్పుడు? మీ ఇంట్లో నన్ను కూర్చోనిచ్చిందెవరు?”

“నిబంధనల్లో అంతకంటె దగ్గరి వర్గం లేదు, అత్తయ్యగారూ.”

“శబ్దం ఉన్నదని కూడా రాశారే!”

“తప్పుడు సమాచారం ఇవ్వకూడదు గదా.”

“వినవే హైమా. కట్టుకున్నవాడు ఇంత నిజాయితీపరుడని తెలిస్తే మీ నాన్నకి ఆనాడే చెప్పి సంబంధం తప్పించేదాన్ని.” అని జాలీవైపు తిరిగి, “ఒరే అబ్బీ, నన్ను మార్చక్కర్లేదు. వద్దు” అన్నారు.

“మొహమాటం ఎందుకండీ, మనింట్లో మనిషిలా చెప్పండి.”

“వద్దన్నానా!”

“మీరలా అంటే మా మనసు కష్టపడుతుందండి.”

“వద్దురా మొర్రో!”

“ఆయ్. అలిగారండి, తప్పు మాదేనండి. పెద్ద సైజు పంపిస్తావండి.”

నేను పరుగున వెళ్ళి ఆవిడ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టవలసి వచ్చింది. నాలుగోసారి అంటే ఏం వస్తుందో భాస్కరంగారింట్లో చూశాము.

జూన్ 9, సోమవారం

కొత్త వస్తువు వివరాల పత్రం వచ్చింది. మెత్తటి వీపు, నాలుగు చక్రాలు. ఎవరైనా మాట్లాడితే తల ఊపుతుంది. “అలాగేనండి”, “మీరు చెప్పిందే నిజమండి” అనే రెండు మాటలు పలుకుతుంది. ఉప్పు గురించి అభిప్రాయాలు లేవు.

పత్రం చదువుతున్నప్పుడు నాకు క్షణకాలం కొంత ఆసక్తి కలిగిందన్న విషయం పుస్తకంలో నమోదు చేయక తప్పదు. హైమవతి అది కనిపెట్టింది. మధ్యాహ్నం నాకు మజ్జిగ రాలేదు.

పాత వస్తువుల సంగతి పత్రం అడుగున ఉన్నది. గిడ్డంగిలో మూడు నెలలు ఉంచుతారు. ఆ తరువాత విడిభాగాలు చేస్తారు.

జూన్ 10, మంగళవారం

కొలతలు తీసుకోవడానికి వరహాలు వచ్చింది. తూర్పుగోడ దగ్గరకు వెళ్ళి, టేపు విప్పి, పదిహేడో అంశాన్ని చూసి, టేపు మళ్ళీ చుట్టేసింది.

“ఈవిడా అండి?”

“అవును,” అన్నాను.

“ఆరోజు కుళాయి బిగించినప్పుడు నాకు పెసరట్టు పెట్టింది ఈవిడేనండి.”

“రెండు పెట్టాను,” అన్నారు అత్తయ్యగారు. “ఒకటి వద్దన్నావు.”

వరహాలు తన సంచిని జాలీకి అడ్డుపెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. “చూడండి బాబూ. రికార్డులో ఈవిడ మనిషని దిద్దించారనుకోండి, పైమంగళవారం పంటు ఎక్కించేస్తారు. తప్పుడు ఫారం రాసినందుకు మీ ఉద్యోగం కూడా దాంతోనే పైకి పోద్ది. వస్తువుగానే ఉంచారనుకోండి, గురువారం నేనొచ్చి తీసుకుపోవాలి. నేను రాకపోతే ఇంకోడొస్తాడు. ఆడికీవిడ పెసరట్టు పెట్టలేదు.”

హైమవతి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నది. “ఇంకో దారి లేదా వరహాలూ?”

“ఒకటుందమ్మా. సంస్థ దేన్నైనా మారుస్తుంది గానీ ఇంటి భారం మోసేదాన్ని మార్చదు. గోడ, దూలం, స్తంభం. అవి కట్టడంలో భాగం. ఆటికి హామీ లేదు, గాలి లెక్కా లేదు. ఏది మోస్తుందో ఏది మొయ్యదో అనుమానవొస్తే ‘తీసి చూడటం’ అంటాం. ఒక రోజు ఆ వస్తువు తీసి గిడ్డంగిలో పెడతాం. ఆ రోజు ఇంటికేవైందో ఇంటాయన ఫారంలో రాయాలి. కుంగిందా, వంగిందా, పగిలిందా, కిర్రుమందా, కారిందా. అయిదు గడులు.”

“రాసినదాన్ని ఒప్పుకుంటారా?”

“కస్టమరు రాసిందాన్ని అనుమానించడం మర్యాద కాదని సంస్థ నియమవండి. కాకపోతే చదివితే నమ్మేలా ఉండాలి. నమ్మకపోతే మాత్రం వస్తువు గిడ్డంగిలోంచి తిరిగి రాదండి.”

అత్తయ్యగారు అందరికన్నా ముందు తేరుకున్నారు. “నన్ను మూటగట్టి తీసుకెళతారా ఏవిటి?”

“నడిచి రావొచ్చండి.”

“వస్తువు నడవచ్చునా?”

“చక్రాలున్నాయని రాసుకుంటానండి.”

జూన్ 12, గురువారం

ఉదయం పదింటికి ‘తీసి చూడటం’ కింద పదిహేడో అంశాన్ని ఇంటి నుంచి తొలగించారు. తొలగించబడుతూ అది మూడు చీరలు, కళ్ళజోడు, కాసిని మరమరాలు వెంట తీసుకున్నది. గుమ్మం దగ్గర ఆగి నాతో ఒకే మాట అన్నది:

“ఫారం మీ చేతిలో ఉంది అల్లుడుగారూ. మీ దస్తూరీ అసలే బాగోదు, కుదురుగా రాయండి.”

ఇక నుంచి ‘అది’ అని రాయను. నాకు చేతకావడం లేదు.

అదే గంటలో కొత్త వస్తువును తెచ్చి తూర్పుగోడ పక్కన పెట్టారు. హైమవతి దాని ఎదుట నిలబడి “పిన్నిని తీసుకుపోయారు” అన్నది. “మీరు చెప్పిందే నిజమండి” అని అది తల ఊపింది. హైమవతి దుప్పటి తెచ్చి దాని మీద కప్పింది. దుప్పటి కింద కూడా అది తల ఊపుతూనే ఉన్నది.

జూన్ 13, శుక్రవారం

ఉదయం పదకొండింటికి ఫారం నింపాను. కుంగుట, లేదు. వంగుట, లేదు. పగులుట, లేదు. కిర్రుమనుట, లేదు. కారుట, లేదు. ఇరవై రెండేళ్ళుగా ఫారం కనబడితే నా చెయ్యి చేసే పని అది. ఒక గోడ కూలి నా కాలి మీద పడ్డా నేను మొదట రాసే మాట అదే కావచ్చు.

హైమవతి నా భుజం మీదుగా చదివింది.

“లేదా?” అన్నది.

అంతే అన్నది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఆ ఫారం చింపేశాను. వరహాలు ముందుచూపుతో రెండు ప్రతులు ఇచ్చి వెళ్ళింది. రెండోదాన్ని బల్ల మీద పరచుకుని, నిన్న ఉదయం పది నుంచి ఈ ఉదయం పది దాకా ఈ ఇంట్లో జరిగినవాటిని, ఇతరుల ఇంటిని తనిఖీ చేసినట్టే తనిఖీ చేశాను. రాసినది ఇది.

కుంగుట: గృహిణి. నిన్న మధ్యాహ్నం వంటింటి కొత్త గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చున్నది. మూడు గంటలు లేవలేదు. లేపడానికి ఏ మాట వాడాలో గృహస్థుడికి తెలియలేదు. ఆ పని ఇదివరకు తొలగించిన వస్తువు చేసేది.

కారుట: గృహిణి, రెండు కళ్ళు. నిమిషానికి ఎన్ని బొట్లన్నది లెక్కపెట్టడం ఉచితమనిపించలేదు.

వంగుట: గృహస్థుడు. తూర్పుగోడ పక్కనుంచి వెళ్ళేటప్పుడల్లా, చాపుకున్న ఆవిడ కాళ్ళు తగలకుండా పక్కకు వంగి నడిచాడు. అక్కడ కాళ్ళు లేవు. ఇలా నిన్న తొమ్మిదిసార్లు, ఈ ఉదయం రెండుసార్లు.

కిర్రుమనుట: గృహస్థుడు, గొంతు. రాత్రి భోజనంలో పప్పులో ఉప్పు లేదు. ఆ సంగతి తూర్పుగోడ వైపు నుంచి ఎవరూ ముందుగా హెచ్చరించలేదు. గృహస్థుడు పప్పు పూర్తిగా తిన్నాడు. ఆ తరువాత “బాగుంది” అనబోయాడు.

పగులుట: ఇంకా లేదు.

అడుగున ముద్రించిన వాక్యం ఒకటున్నది: “పై వస్తువును తొలగించినచో ఈ ఇల్లు నిలవదని ధ్రువీకరించుచున్నాను.” దాని కింద సంతకం, హోదా, తేదీ. పీడన తనిఖీ ఉపాధికారి ఈ వాక్యం కింద తప్పుగా సంతకం చేస్తే ఉద్యోగం పోతుంది, దానికి మినహాయింపు లేదు. చదివాను. తప్పు కనబడలేదు. కుదురుగా సంతకం చేశాను.

జూన్ 14, శనివారం

జవాబు లేదు. జాలీ దగ్గర ఒకసారి దగ్గాను. “ఆయ్, చదువుతున్నారండి” అన్నది.

హైమవతి గిడ్డంగికి కేరేజీ పంపింది. కేరేజీ ఖాళీగా తిరిగి వచ్చింది, లోపల చీటీతో: “ఇక్కడివాళ్ళకి చింతపండు నానబెట్టడం కూడా రాదు. నా పక్కన పాత గ్రైండర్లు పన్నెండున్నాయి. ఒకటి బాగు చేయించి పిండి రుబ్బించాను. రేపు కేరేజీ పెద్దది పంపు. పదిమందికి చాలాలి.”

చీటీ అడుగున ఇంకొక వాక్యం రాసి, కొట్టేసి ఉన్నది. హైమవతి దాన్ని దీపానికెత్తి చదివింది. ఏమున్నదని నేను అడిగాను. చెప్పలేదు. చీటీని మడిచి బొడ్డులో దోపుకున్నది.

జూన్ 16, సోమవారం

సాయంత్రం నాలుగింటికి జాలీ తానై పలికింది. స్వరంలో మార్పున్నది. పంక్తిలో పెద్దాయన్ని గుర్తుపట్టకుండా చివర కూర్చోబెట్టినవాడి స్వరం అది.

“సీతాపతిగారూ, తమరి ఫారం పైనుంచి కిందిదాకా అందరం చదివావండి. చాలా పెద్ద తప్పు జరిగిపోయిందండి. ఇల్లు మోసేదాన్ని తీసుకొచ్చి కుర్చీల వరసలో రాశారండి.”

“రాసింది నేనే,” అన్నాను.

“తమరు పొరబడ్డారని మేవెలా అంటావండి? మర్యాద కాదండి. మేవే పొరబడ్డావండి. పదిహేడో అంశం కొట్టేశావండి. మంగతాయారుగారిని ఇంటి కట్టడంలోకి, భారం మోసే భాగాల కింద మార్చావండి. కట్టడానికి గాలి లెక్క లేదండి, పంటు లేదండి. మార్పిడి హామీ కూడా లేదండి, ఏవనుకోకండి. ఆవిడ కిర్రుమన్నా, గట్టిగా మాట్లాడినా, ఇహ మేవేం చెయ్యలేవండి. ఇల్లున్నంతకాలం తమరు అలాగే భరించాలండి.”

“సరే,” అన్నాను.

హైమవతి వంటింట్లోంచి చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. పిండి చేతులతో నా చొక్కా పట్టుకున్నది. చొక్కా మీద పది వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఇది లోపంగా నమోదు చేయడం లేదు.

జూన్ 17, మంగళవారం

ఈ ఉదయం పంటు మామూలు వేళకే పైకి వెళ్ళింది. దాని కూత వినబడినప్పుడు మేమిద్దరం గుమ్మంలో నిలబడి ఉన్నాము.

పదకొండింటికి వరహాలు అత్తయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చింది. వెనక గిడ్డంగివాళ్ళు ఇద్దరు బాగు చేసిన గ్రైండరు మోసుకొచ్చారు. మాకు గ్రైండరు అవసరం లేదని చెప్పబోయి మానుకున్నాను. దుప్పటి కప్పి ఉన్న కొత్త వస్తువును వాళ్ళు వెనక్కు తీసుకుపోతుంటే అది “అలాగేనండి” అన్నది.

తూర్పుగోడకు వరహాలు ఇత్తడి పలక బిగించింది. “భారం మోసే భాగం. ఇక్కడ మేకులు కొట్టరాదు, బరువులు వేలాడదీయరాదు. పురపాలక సంఘం లిఖితపూర్వక అనుమతి లేనిదే అంగుళం కూడా కదపరాదు.”

అత్తయ్యగారు పలక చదివి, దాని కింద పడక్కుర్చీ సర్దుకుని కూర్చుని, కాళ్ళు చాపుకున్నారు.

“ఫారం నకలు నాకు చూపించింది ఈ పిల్ల,” అన్నారు. “తొమ్మిదిసార్లు వంగారంటగా?”

“ఉదయం మరో రెండు. మొత్తం పదకొండు.”

“ఏం, లేని కాళ్ళు ఏవడ్డవొచ్చాయని?”

“గడి ఉన్నది కాబట్టి నింపాను, అత్తయ్యగారూ.”

“అయినా ఉప్పులేని పప్పు గిన్నెడూ ఎలా తిన్నారండీ? నోరుందా లేదా మీకు? హైమా, ఈయనకో అట్టు పొయ్యవే. ముందు అది పెట్టు, తరవాత మాట్లాడదాం.”

“ఆకలి లేదు, వద్దండీ,” అన్నాను. రెండు అట్లు వచ్చాయి.

సాయంత్రం అయిదున్నరకు అత్తయ్యగారు లేచారు. మోకాళ్ళు కిర్రుమన్నాయి. భాస్కరంగారింటికి వెళ్ళి గిడ్డంగి సంగతులన్నీ మొదటినుంచి చెప్పి వస్తానన్నారు. భారం మోసే భాగం అనుమతి పత్రం లేకుండా తనంతట తాను ఇల్లు దాటడం పురపాలక నిబంధనలకు స్పష్టంగా విరుద్ధం. ఈ ఊళ్ళో అటువంటి ఉల్లంఘనలను అక్కడికక్కడే ఆపవలసిన అధికారిని నేను.

చెప్పులు ఎక్కడున్నాయని ఆవిడ అడిగారు. వంగి, తీసి, కాళ్ళ దగ్గర పెట్టాను.